ధర్మపురికి రైళ్ళు ఏల పెరుగవు?



మన జిల్లాలో నలుగురు కూడిన చోట తఱచుగ వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "పట్టాలున్నవి, స్టేషనున్నది, ప్రయాణికులున్నారు, మఱి రైళ్ళేల పెరుగవు?" అని. దీనికి సాధారణముగ లభించు సమాధానము "పైవారికి మనసు లేదు" అనునదే. ఆ మాటవలన కోపము తీరవచ్చును గాని విషయము తెలియదు. విషయము తెలియనివాని విన్నపమునకు బలముండదు. కావున రైలుబండి యొకటి క్రొత్తగ నడువవలెనన్న నేమేమి కావలయునో, ఏవేవి యడ్డు తగులునో, మన ధర్మపురిని ఉదాహరణముగ గైకొని యీ వ్యాసమున వివరింతును.

ముందుగ నొక మాట. రైళ్ళు పెరుగుటకు అడ్డు తగులునది ఒక్క కారణము కాదు. ఒకదానితో నొకటి ముడివడిన గొలుసు అది. పట్టాలు, కొండలు, నేల, డబ్బు, పాలనపు హద్దులు అన్నియు నా గొలుసులోని లంకెలే. మన జిల్లాకు సంబంధించినంతవఱకు వానిలో మిక్కిలి పెద్ద లంకె, ఒకప్పుడు మనకుండి పోయిన ఒక చిన్న రైలుమార్గము. ఆ కథతోనే ప్రారంభింతము.

ఉండి పోయిన మార్గము

దక్షిణ దేశమున మొట్టమొదటి రైలుబండి 1856లో మద్రాసు రాయపురమునుండి వాలాజా వఱకు నడిచెను. ఆ మార్గమే పడమరకు సాగి, జోలార్‌పేట, తిరుపత్తూరు, మొరప్పూరు, బొమ్మిడి మీదుగ 1860 ప్రాంతముల సేలము చేరి, 1862 నాటికి మలబారు తీరమును తాకినది. దారి చదునుగ నున్న చోటులను వెదకుకొనుచు పోయిన యా మార్గము ధర్మపురి పట్టణమును తాకలేదు. మనకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున మొరప్పూరు మీదుగ పోయినది.

తరువాత 1876 మొదలు 1878 వఱకు దక్షిణ దేశమును పీడించిన మహాక్షామము వచ్చెను. అప్పటి సేలము జిల్లా, అనగా మన ప్రాంతము గూడ, అందు చిక్కి మిక్కిలి నష్టపడినది. ఒక చోట ధాన్యముండి, దానిని మఱియొక చోటికి చేర్చు సాధనము లేకపోవుటచేత జనులు మరణించిరని గ్రహించి, 1880 నాటి క్షామ విచారణ సంఘము, క్షామభయముగల తావులకు రైలుమార్గములు వేయవలెనని చెప్పెను. ఇట్టివానిని క్షామరక్షక మార్గములనిరి. లాభము కొఱకు కాక, ప్రాణరక్షణ కొఱకు వేసిన మార్గములివి.

ఆ ఉద్దేశముతోడనే 1905లో తిరుపత్తూరునుండి కృష్ణగిరికి, 1906 జనవరిలో మొరప్పూరునుండి ధర్మపురికి చిన్న రైళ్ళు నడిచినవి. రెండవ మార్గమును 1913లో హోసూరు వఱకు పొడిగించిరి. వీని పట్టాల నడిమి వెడల్పు రెండడుగుల ఆరంగుళములు మాత్రమే. ఖర్చు తగ్గించుటకై యట్లు వేసిరి. బండి నెమ్మదిగ పోయెడిది, పెట్టెలు చిన్నవి. అయినను పల్లెవాడు మొరప్పూరులో దిగి, పెద్దబండి యెక్కి మద్రాసు చేరుటకు ఆ చిన్నబండియే ఆధారము.

మోటారు బస్సులు వచ్చిన పిదప ఈ చిన్న రైళ్ళకు రాబడి తగ్గెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. యుద్ధమునకు ఇనుము కావలయును. రాబడి తక్కువగల శాఖామార్గముల పట్టాలను దేశమున పలుచోట్ల పెకలించి యుద్ధపు పనులకు తరలించిరి. 1941 నాటికి మన చిన్న రైళ్ళు నిలిచిపోయెను. కృష్ణగిరి 2004లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనను, ఆ నాడు పోయిన రైలు ఆ పట్టణమునకు తిరిగి రాలేదు. జోలార్‌పేటనుండి కృష్ణగిరి మీదుగ హోసూరునకు మార్గము వేయుటను గూర్చి సర్వేలు మాత్రము జరిగినవి.

రెండు మార్గములు, నడుమ నొక ఖాళీ

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1960ల చివరి భాగమున సేలము, బెంగుళూరుల నడుమ ధర్మపురి, హోసూరుల మీదుగ మీటరు గేజి మార్గము వేయబడెను. దానితో మనకు రైలు మరల వచ్చినది. కాని యందొక చిక్కు. మీటరు గేజి యనగా పట్టాల నడుమ ఒక మీటరు వెడల్పు. సేలము మీదుగ పోవు పెద్ద మార్గము బ్రాడ్ గేజి, అనగా 1676 మిల్లీమీటర్లు. ఒక గేజిమీది బండి మఱియొక గేజిమీద నడువజాలదు. కావున ధర్మపురినుండి పోయిన బండి సేలము దాటి ఈరోడు వైపు పోలేదు. ప్రయాణికుడు మూటతోడ దిగి, మఱియొక బండి పట్టుకొనవలసివచ్చెడిది. 1990లలో మన మార్గమును గూడ బ్రాడ్ గేజిగ మార్చిరి. ఆ తరువాతనే కోయంబత్తూరు, ఎర్నాకుళము, నాగర్‌కోయిలు వైపు బండ్లు మన యూరి మీదుగ బెంగుళూరునకు పోవుట సాధ్యమైనది.

ఇప్పుడు పటమును తీసి చూడుడు. మన జిల్లాలో రెండు పెద్ద మార్గములు కలవు. ఒకటి మొరప్పూరు మీదుగ చెన్నైకి పోవునది. రెండవది ధర్మపురి మీదుగ బెంగుళూరునకు పోవునది. ఈ రెండును జిల్లాలో నెక్కడను కలియవు. దక్షిణమున సేలము వద్ద కలియును. ఉత్తరమున బెంగుళూరు వద్ద కలియును. నడుమ నున్నది 1941లో ఖాళీయైన చోటే. ధర్మపురివాడు రైలుమీదనే చెన్నైకి పోదలచిన, మొదట దక్షిణముగ సేలమునకు పోయి, అచ్చటనుండి మరల ఉత్తరమునకు తిరుగవలెను. లేదా బస్సులో మొరప్పూరు చేరి రైలెక్కవలెను.

ఈ ఖాళీవలని నష్టము తెలుగు పిల్లలకు మఱింత యధికము. తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థి ఉన్నతవిద్య తెలుగులో సాగింపదలచిన పొరుగు రాష్ట్రమునకే పోవలసియుండును. 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము గల కుప్పము జోలార్‌పేట - బెంగుళూరు మార్గముమీదనే యున్నది. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము గల తిరుపతికి కాట్పాడి మీదుగ రైలు కలదు. ధర్మపురినుండి మొరప్పూరునకు పట్టాలుండినచో ఈ రెండు తావులకును తిన్నని దారి యేర్పడును. నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున, ఇంటినుండి కళాశాలకు పోవుటకు పట్టిన కాలములో సగము బస్సు స్టాండులయందు వేచియుండుటతోనే గడచెడిది. ఇది మగపిల్లవానికి అలసట మాత్రమే. ఆడపిల్ల విషయమున నట్లు కాదు. "రాత్రివేళ రెండు బస్సులు మాఱి పోవలెనా? వద్దు, చదివినది చాలును" అని తల్లి యన్న మాటతో చదువు ఆగిపోయిన బాలికలను ఉపాధ్యాయులమైన మేము ఎఱుగుదుము. రైలు సంగతి చదువు సంగతి గూడ నగుట ఇట్లు.

ఒంటి మార్గపు లెక్క

"మొరప్పూరు సంగతి యటుండనిండు, ఉన్న మార్గముమీదనైన బండ్లు పెంచవచ్చును గదా?" అని అడుగుదురు. ఇచ్చట రెండవ లంకె కనబడును. సేలము సమీపమునందలి ఓమలూరునుండి హోసూరు వఱకు సుమారు 147 కిలోమీటర్ల మార్గము ఒంటి మార్గముగ వేయబడినది. అనగా పోవు బండికిని వచ్చు బండికిని ఒకే జత పట్టాలు.

ఇరుకైన పొలముగట్టుమీద ఎదురెదురుగ నిద్దరు వచ్చినపుడు ఒకరు ప్రక్కకు తొలగి నిలువవలెను గదా! రైలునకు ఆ ప్రక్కచోటు స్టేషనులోని లూపు లైను. రెండు స్టేషనుల నడుమ నొక వేళ ఒకే బండి యుండవలెను. ఆ బండి తరువాతి స్టేషను చేరినట్లు రూఢియైన పిదపనే రెండవ బండికి అనుమతి దొరకును. కావున మార్గముమీద ఎన్ని బండ్లు పట్టునన్నది పట్టాల పొడవునుబట్టి కాదు, స్టేషనుల నడిమి దూరమును దాటుటకు పట్టు కాలమునుబట్టి తేలును.

దీనిని లెక్కించుటకు రైల్వేవారు స్కాటు సూత్రమను దానిని వాడుదురు. గణితము వచ్చిన విద్యార్థులు దీనిని సులభముగ గ్రహింపగలరు. దినమునకు 1440 నిమిషములు. మార్గమంతటిలో మిక్కిలి కాలము పట్టు స్టేషనుల నడిమి ముక్కను గైకొనుడు. నెమ్మదియైన బండి దానిని దాటుటకు పట్టు నిమిషములకు, సిగ్నళ్ళు మార్చి తరువాతి బండికి అనుమతి యిచ్చుటకు పట్టు నిమిషములను కలుపుడు. ఆ మొత్తముచేత 1440ని భాగింపుడు. వచ్చినదానిలో నూటికి సుమారు 70 వంతులు మాత్రమే వాడదగినదని యెంచుదురు. మిగిలినది మరమ్మతులకును, ఆలస్యములకును విడువవలెను.

ఉదాహరణమునకు బండి దాటుటకు 19 నిమిషములు, అనుమతికి 5 నిమిషములు పట్టినవనుకొందము. మొత్తము 24. 1440ని 24 చేత భాగించిన 60. అందులో 70 వంతులు 42. అనగా రెండు దిక్కులకును కలిపి, గూడ్సు బండ్లతో సహా, దినమునకు 42 బండ్లు. దాటుటకు 25 నిమిషములు పట్టు ముక్క మార్గములో ఒక్కటి యున్నను, మొత్తము 30 నిమిషములగును, భాగించిన 48, అందులో 70 వంతులు 33. ఇవి మన మార్గపు అంకెలు కావు, పద్ధతి తెలియుటకు కల్పించినవి. కాని యిందలి నీతి మాత్రము సత్యము. ఒక్క ముక్క నెమ్మదియైనచో మార్గమంతయు నెమ్మదియగును. సన్నని మెడగల కూజానుండి నీరెంత వేగముగ వచ్చునో మెడయే నిర్ణయించును గాని కడుపు కాదు.

ఇక బండ్లన్నియు సమాన వేగముతో నడువవు. 2023 డిసెంబరు 30వ తేదీన కోయంబత్తూరు - బెంగుళూరు వందే భారత్ బండి మన మార్గముమీద నారంభమైనది. అది ధర్మపురిలోను హోసూరులోను ఆగునట్లు ఏర్పఱచుట మనకు మేలే. కాని వేగపు బండికి త్రోవ యిచ్చుటకై పాసెంజరు బండి లూపు లైనులో నిలువవలెను. పాలక్కోడు, మారండహళ్ళి, రాయకోట, కెలమంగలముల వంటి చిన్న స్టేషనుల ప్రయాణికునకు వేగపు బండి కంటబడును గాని యెక్కుటకు దొరకదు. అతడెక్కిన బండి మాత్రము దానికై వేచియుండును.

ఆగుట యన్నను చిన్న సంగతి కాదు. రెండు నిమిషములు ఆగిన రెండే నిమిషములు పోవునని మనము తలతుము. భారమైన బండి వేగము తగ్గించుటకు కొంత దూరము, మరల వేగము పొందుటకు కొంత దూరము కావలయును. కావున రెండు నిమిషముల నిలుపుదలకు ఐదాఱు నిమిషములు పోవును. ఒంటి మార్గముమీద ఆ నిమిషములు ఎదురు బండికిని, దాని వెనుకటి బండికిని ప్రాకును. "మా యూర ఆపుడు" అను కోరికకు వెంటనే అంగీకారము దొరకకుండుటకు ఇది ముఖ్యకారణము.

దీనికి మందు రెండవ జత పట్టాలు. బెంగుళూరు వైపున బైయప్పనహళ్ళినుండి హోసూరు వఱకు 48 కిలోమీటర్ల మేర రెండవ మార్గపు పని చేపట్టబడినది. హోసూరునుండి ఓమలూరు వఱకు గూడ రెండవ మార్గము వేయుటకు సర్వే మంజూరైనది. సర్వే మంజూరగుట వేఱు, పని మంజూరగుట వేఱు, డబ్బు విడుదలయగుట వేఱు అని పాఠకులు గుర్తుంచుకొనవలెను. వార్తలలో మూడింటిని ఒకటిగ వ్రాయుటచేత జనులు పలుమాఱు నిరాశపడుచున్నారు.

కొండలు, బండలు

బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. సేలము 300 మీటర్ల లోపున నున్నది. కావున మన మార్గము మెట్లమీద కూర్చున్న మార్గము వంటిది. రాయకోట వైపున కొండలు, దక్షిణమున తొప్పూరు కనుమ. రైలుచక్రము ఇనుపది, పట్టా ఇనుపది. రెంటి నడుమ రాపిడి తక్కువ. చదునుమీద నది మేలు, ఏలయన తక్కువ శక్తితో బండి నడుచును. ఎత్తుమీద నదియే చిక్కు. అందుచేత రైలుమార్గము బస్సు దారివలె నిటారుగ ఎక్కలేదు. వంపులు తిరిగి, కొండను చీల్చుకొని పోవలెను. వంపులలో వేగము తగ్గును.

చీల్చిన కొండ యంచులనుండి వానకాలమున బండలు జారును. 2021 నవంబరులో తొప్పూరు, శివాడి స్టేషనుల నడుమ ముత్తంపట్టి వద్ద, తెల్లవాఱకమునుపు, కన్ననూరునుండి యశ్వంతపురము పోవు ఎక్స్‌ప్రెసు ముందు బండరాళ్ళు పడి, పెట్టెలు పట్టాలు తప్పినవి. దైవవశమున ప్రయాణికుల ప్రాణములకు హాని కలుగలేదు. కాని యట్టి చోట రెండవ జత పట్టాలు వేయవలెనన్న కొండను మరల చీల్చవలెను, అంచులను గట్టిపఱుపవలెను, వంతెనలు కట్టవలెను. మైదానమునందలి పనికి అగు ఖర్చుతో కనుమలోని పని సాగదు.

రెండు జోనులు, ఒక జిల్లా

మూడవ లంకె కంటికి కనబడదు. అది పటముమీది గీత. 2003 ఏప్రిలులో హుబ్బళ్ళి కేంద్రముగ నైరుతి రైల్వే జోను ఏర్పడినది. ధర్మపురి స్టేషను ఆ జోనులోని బెంగుళూరు డివిజనునకు చేరినది. మొరప్పూరు మాత్రము చెన్నై కేంద్రముగ గల దక్షిణ రైల్వే జోనులోనిది. 2007లో ఏర్పడిన సేలము డివిజనులో నున్నది. ఒకే జిల్లాలోని రెండు స్టేషనులకు ఇద్దరు యజమానులు.

దీనిలో నెవ్వరి దోషమును లేదు. రైల్వే హద్దులు రాష్ట్రపు హద్దులనుబట్టి గీయబడలేదు. అయినను ఫలితమొకటి కలదు. సేలమునుండి ధర్మపురికి ఒక ఉదయపు పాసెంజరు బండి కావలెనన్న, బయలుదేరు స్టేషను ఒకరిది, నడుచు మార్గము మఱియొకరిది. బండి పెట్టెలు ఎవరివి, శుభ్రపఱచుట ఎచ్చట, డ్రైవరు ఎవరి కొలువు, సేలములో నిలుచుటకు ప్లాట్‌ఫారము ఖాళీ యెపుడు, ఇన్నిటికిని రెండు కార్యాలయములు ఏకీభవింపవలెను. ఉమ్మడి పొలమునకు నీరు పెట్టుట వంటి పని యిది. ఇద్దరును మంచివారైనను కాలవిలంబము తప్పదు.

బెంగుళూరు చివరను గూడ ఒక ఇరుకు ఉండెను. అచ్చటి పెద్ద స్టేషనులలో క్రొత్త బండి నిలుచుటకు తావు లేకుండెడిది. 2022లో బైయప్పనహళ్ళి వద్ద సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినలు తెఱవబడుటతో ఆ ఇరుకు కొంత సడలినది. మన మార్గము విద్యుదీకరింపబడుటచేత ఇంజను మార్చుకొను పని గూడ తప్పినది. ఈ రెండును ఇటీవలి కాలపు మంచి మార్పులు. ఆటంకములు శాశ్వతములు కావనుటకు ఇవియే సాక్ష్యము.

టికెట్టు ధర, అసలు ఖర్చు

నాలుగవది డబ్బు. పాసెంజరు బండి టికెట్టు చవుక. ఆ చవుకదనము మనకు మేలు. కాని రైల్వేకు నష్టము. 2022-23లో ప్రయాణికులకిచ్చిన రాయితీ మొత్తము 56,993 కోట్ల రూపాయలని రైల్వే మంత్రిత్వశాఖ పార్లమెంటునకు తెలిపినది. అనగా సగటున నూఱు రూపాయల ఖర్చునకు ప్రయాణికుడు చెల్లించునది 54 రూపాయలు. తక్కిన 46 రూపాయలు ఇతర రాబడినుండి పూడ్చవలెను. రైల్వే రాబడిలో మూడింట సుమారు రెండు వంతులు బొగ్గు, ఇనుపరాయి, సిమెంటు, ధాన్యము మోయు గూడ్సు బండ్లవలన వచ్చును.

ఇపుడు ఒంటి మార్గపు లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. దినమునకు పట్టు బండ్లు పరిమితము. అందులో నొక చోటు ఖాళీయైనపుడు, దానిని రాబడి తెచ్చు గూడ్సు బండికి ఇయ్యవలెనా, నష్టము తెచ్చు పాసెంజరునకు ఇయ్యవలెనా యను ప్రశ్న లేచును. ప్రజాసేవ యనిన పాసెంజరునకు, జమాఖర్చనిన గూడ్సునకు. ఈ రెంటి నడుమ తూకము వేయుటయే రైల్వే పాలనము. పల్లెవాని బండి ఈ తూకములో తేలికయగుటకు కారణము, అతని టికెట్టు చిన్నదగుట మాత్రమే. అతని అవసరము చిన్నదని కాదు.

నేల

అన్నిటికంటె బరువైన లంకె నేల. మొరప్పూరునుండి ధర్మపురికి 36 కిలోమీటర్ల బ్రాడ్ గేజి మార్గమును 2016-17 రైల్వే బడ్జెటులో చేర్చిరి. సుమారు 359 కోట్ల రూపాయల యంచనాతో 2019లో శంకుస్థాపన జరిగినది. జనులు సంతోషించిరి. మఱునాడే రైలు వచ్చునని తలచినవారును కలరు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలందురు. రైలుమార్గము వేసి చూడు అని గూడ చేర్చవచ్చును. శంకుస్థాపన తరువాత నేల సేకరింపవలెను. ప్రతి గ్రామమున సర్వే చేసి, ఎవరి భూమి యెంత పోవునో తేల్చి, ప్రకటన చేసి, ఆక్షేపణలు విని, పరిహారము నిర్ణయించి, చెల్లించి, అటుపిమ్మట స్వాధీనము చేసికొనవలెను. 1906లో వేసిన బాట యుండెను గదా యందురు. కాని పట్టాలు లేని బాట ఎనుబదియేండ్లు బాటగ నిలువదు. పట్టణము పెరిగినది; ఇండ్లు, వీధులు వెలసినవి. బాటను ప్రక్కకు జరుపుదమన్న ప్రక్కన రైతుల పొలములు.

రైతు పక్షమును గూడ మనము వినవలెను. రెండెకరముల మామిడితోట నడుమ పట్టాలు పోయినచో అతనికి పోవునది పట్టాల క్రింది నేల మాత్రమే కాదు. బావి యొక ప్రక్క, చెట్లు మఱియొక ప్రక్క అగును. పరిహారము చేతికి వచ్చులోపల నేల వెల పెరిగి, ఆ డబ్బుతో అంత నేల కొనుట సాధ్యపడదు. అందుచేత అతడు ఆక్షేపించును, న్యాయస్థానమునకు పోవును. అది అతని హక్కు. తగిన పరిహారము త్వరగ నిచ్చుటయే రైలును త్వరగ తెచ్చు మార్గమని దీనినుండి తెలియుచున్నది. అందఱి మేలు కొఱకు ఒకని మూలధనము పోవునపుడు, ఆ యొకనికి ముందుగ న్యాయము జరుగవలెను.

కోటిపల్లి నేర్పు పాఠము

మన కథకు చాల దగ్గఱయైన కథ యొకటి ఆంధ్రదేశమున జరిగినది. కాకినాడనుండి గౌతమీ తీరమునందలి కోటిపల్లి వఱకు సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గము 1928లో వేయబడెను. యుద్ధకాలమున, 1940లో, దాని పట్టాలను పెకలించిరి. మన చిన్న రైలునకు పట్టిన గతియే దానికిని పట్టినది. కాని యా ప్రాంతపువారు దానిని మఱువలేదు. ఆరు దశాబ్దముల పిదప, 2004లో, కోటిపల్లికి మరల రైలు వచ్చెను.

ఇందు రెండు పాఠములున్నవి. మొదటిది, పోయిన రైలు తిరిగి రాగలదని. స్కాట్లండులో గూడ ఎడింబరోనుండి దక్షిణమునకు పోవు మార్గము 1969లో మూయబడి, అందు కొంత భాగము 2015లో మరల తెఱవబడినది. రెండవ పాఠము ఇంకను ముఖ్యమైనది. కోటిపల్లికి వచ్చిన బండి పెద్ద బండి కాదు. ఒక్క పెట్టె గల రైలుబస్సు. ప్రయాణికులు కొద్దిమంది. ఏలయనగా కోటిపల్లి వద్ద గోదావరి యడ్డము. పట్టాలు అచ్చటనే ఆగినవి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై వంతెనలు కట్టి నరసాపురము వఱకు కలుపు పథకము 2000-01లో మంజూరైనను, రెండు దశాబ్దములు గడచునప్పటికి గూడ పూర్తికాలేదు. చివర మూసికొనిపోయిన మార్గమున జనము నడువరు. రెండు ఊళ్ళను కలుపు మార్గమున నడుతురు.

ఈ దృష్టితో చూచినపుడు మొరప్పూరు - ధర్మపురి మార్గపు విలువ తెలియును. దాని పొడవు 36 కిలోమీటర్లే. కాని యది మూసికొనిపోవు కొమ్మ కాదు. సజీవముగ నున్న రెండు పెద్ద మార్గములను కలుపు వంతెన. చెన్నై మార్గమునకును హోసూరు మార్గమునకును అది లంకె యగును. ఒక మార్గమున బండలు పడి రాకపోకలు నిలిచినపుడు బండ్లను రెండవ దారికి మరల్చుటకు గూడ నది యుపయోగపడును. చిన్న ముక్క పెద్ద మేలు చేయుట యిట్టి చోటులనే.

మన చేతిలోని పని

ఇన్ని యాటంకములను విన్న పిదప, "అయిన మనము చేయగలిగిన దేమున్నది?" అని నిట్టూర్చరాదు. కొండను మనము చీల్చలేము. డబ్బు మనము విడుదల చేయలేము. అయినను మూడు పనులు మన చేతిలో నున్నవి.

మొదటిది, టికెట్టు కొనుట. ఏ స్టేషనులో నెన్ని టికెట్లు అమ్ముడుపోయినవో రైల్వేవారు లెక్క వ్రాసికొందురు. ఒక స్టేషనులో క్రొత్తగ బండి నాపినపుడు మొదట ప్రయోగముగ కొన్ని నెలలు ఆపి, రాబడి చూచి నిలుపుదురు లేదా తీసివేయుదురు. పది రూపాయలు మిగుల్చుకొనుటకై టికెట్టు లేక ప్రయాణము చేయువాడు తన యూరి బండిని తానే పోగొట్టుకొనుచున్నాడు. అతడు బండిలో కూర్చున్నను లెక్కలో లేడు.

రెండవది, లెక్కతో అడుగుట. "మాకు రైలు కావలెను" అను విన్నపములు వేలకొలది పోవుచుండును. "మా యూరినుండి హోసూరు కర్మాగారములకు ఉదయము ఎనిమిది గంటలలోపు చేరవలసినవారు ఇందఱు, సేలము కళాశాలలకు పోవువారు ఇందఱు, ఇపుడు బస్సునకు వీరు పెట్టు ఖర్చు ఇంత" అని వ్రాసిన విన్నపమునకు విలువ వేఱు. రైల్వే డివిజనులకును జోనులకును ప్రయాణికుల సలహా సంఘములున్నవి. అందలి సభ్యులకు ఇట్టి లెక్కలు ఆయుధములు. పదవ తరగతి విద్యార్థులు తమ వీధిలో ఒక ఆదివారము తిరిగి ఈ లెక్కను కూర్పగలరు. అది గణితమునకును, సాంఘికశాస్త్రమునకును, తెలుగు లేఖారచనకును ఒకే వేళ అభ్యాసమగును. తమిళమునను గూడ వ్రాసి యిరుగుపొరుగువారి సంతకములను చేర్చుడు. రైలు ఏ భాషవారిదని చూచి నడువదు. విన్నపము గూడ అట్లే యుండవలెను.

మూడవది, ఉన్నదానిని కాపాడుకొనుట. బండిమీద రాళ్ళు రువ్వుట, మూసిన గేటు క్రింద దూరిపోవుట, పెట్టెలలోని సామానులను పాడుచేయుట మొదలగునవి బండిని ఆలస్యము చేయును. ఒంటి మార్గమున ఒక బండి ఆలస్యము అందఱి ఆలస్యమని పైన లెక్క వేసి చూచితిమి.

1941లో మన చిన్న రైలు పోయినపుడు, ఆ నష్టము ఎంత కాలము నిలుచునో నాటివారు ఊహించి యుండరు. నాలుగు తరముల పిల్లలు ఆ 30 కిలోమీటర్లను బస్సులో దాటిరి. ఆ నష్టము మఱియొక తరమునకు సంక్రమింపకుండుట మన కోరిక. కోరిక తీరుటకు ఓర్పు కావలయును. ఓర్పునకు తోడు లెక్క తెలిసిన మాట కావలయును. మన పిల్లలు ఆ మాటను తెలుగునను తమిళమునను తడబడక చెప్పగలవారు కావలెనని ఆశించుచున్నాను.